గొళ్ళెం మీది నలుపు



హైదరాబాద్ పాతబస్తీ ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఒక చప్పుడు చెవిలో ఉండిపోతుంది. కాలింగ్ బెల్లులు రాకముందు, ఇంటికి వచ్చినవాళ్ళు తలుపుకు వేలాడే గొలుసు పట్టుకుని చెక్క మీద కొట్టేవాళ్ళు. ఉర్దూలో దాన్ని కుండీ అంటారు. మా తెలుగు ఇళ్ళలోనూ అది కుండీయే. రెండుసార్లు ఠక్ ఠక్‌మంటే చుట్టాలు. ఆగకుండా మోగితే పాలాయన. నడిరాత్రి ఒక్కసారి మెల్లగా మోగితే ఏదో కబురు. మా నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, చప్పుడును బట్టి వచ్చిందెవరో చెప్పేది.

గౌలిపురాలో మా తాతగారి ఇంటి తలుపు ఇప్పటికీ ఉంది. రెండు రెక్కల టేకు తలుపు. కొన్నేళ్ళ కిందట ఆ ఇంటికి వెళ్ళినప్పుడు అలవాటుగా కుండీ ఎత్తబోయాను. లేవలేదు. తలుపుకు అతుక్కుపోయి ఉంది. ఆషాఢంలో బోనాలు వస్తున్నాయంటే గోడలకు సున్నం, తలుపులకు రంగు వేయించడం మా ఇంటి ఆనవాయితీ. రంగులేసే మనిషి కుండీని పక్కకు జరిపి వేయడు. చెక్కతో పాటు దానికీ ఓ చెయ్యి వేసేస్తాడు. అలా ఏటికేడు పొర మీద పొర పడి, గొలుసు వలయాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. గోటితో ఒకచోట గిల్లి చూస్తే ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద చాక్లెట్ రంగు, ఇంకా కింద మళ్ళీ ఆకుపచ్చ. ఇల్లు అక్కడే ఉంది, తలుపు అక్కడే ఉంది, చప్పుడు మాత్రం పోయింది. నాకు నిజంగా గుండె చివుక్కుమంది.

ఈ రోజు మీతో మాట్లాడదలచింది అలాంటి సామాను గురించే. పాత ఇళ్ళ తలుపులకూ కిటికీలకూ ఉండే గొళ్ళేలు, గడియలు, మడతబందులు, లాగే కడియాలు, తలుపు మీది గుబ్బలు, తాళాలు, నట్టింట్లో ఊయలబల్ల వేలాడే గొలుసులు. వీటిని ఎలా శుభ్రం చేయాలి, శుభ్రం చేస్తూ ఎక్కడ ఆగాలి. ఎక్కడ ఆగాలన్నదే ఎక్కువ ముఖ్యమని నా అనుభవం.

ముందు ఈ సామాను ఎక్కడిదో చూద్దాం. 1591లో చార్మినార్ లేచిన నాటి నుంచీ ఈ ఊళ్ళో లోహం పని చేసేవాళ్ళకు కొదవ లేదు. చార్‌కమాన్ దగ్గర కసార్‌హట్టా అనే పేట ఉంది. కసార్ అంటే మన కంచరి, రాగి ఇత్తడి పని చేసేవాడు. హట్టా అంటే అంగడి వీధి. పేరులోనే వృత్తి ఉంది. మూసీ దాటితే బేగంబజారు ఇత్తడి అంగళ్ళు. ఇంకా దూరం వెళ్తే జనగామ దగ్గర పెంబర్తి. గుడి తలుపులకు, ధ్వజస్తంభాలకు ఇత్తడి రేకు తొడుగులు కొట్టడంలో అక్కడివాళ్ళ చేతికి తిరుగులేదు. ఇనుము సంగతికొస్తే తెలంగాణ ఇనుము పేరు సముద్రాలు దాటింది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తీసిన ఉక్కును కత్తుల కోసం పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అలాంటి నేల మీద ఊరి కమ్మరి కొట్టిన మేకు, గడియ కూడా ఆషామాషీవి కావు.

తరువాతి కాలంలో దేవిడీలు వచ్చాయి. పాయిగా నవాబులు, దివాన్లు, రాజాలు కట్టుకున్న పెద్ద పెద్ద ఇళ్ళు. వాటితో పాటే విదేశీ సామానూ వచ్చింది. ఆ రోజుల్లో ఇత్తడి తలుపు సామానుకు ప్రపంచంలో పేరు మోసిన ఊరు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. అక్కడ పోతపోసిన పిడులూ చిటికినీలూ మన దేశమంతా చేరాయి. కాబట్టి పాతబస్తీలో ఒకే తలుపు మీద మూడు ఊళ్ళు ఉండొచ్చు. గుబ్బలు మన కంచరివి, మేకులు మన కమ్మరివి, తాళం ఇంకెక్కడిదో. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఒడ్డున ఉన్న పేటల్ని ఊడ్చేసిన తర్వాత మళ్ళీ కట్టుకున్న ఇళ్ళలో, వరదకు నిలిచిన పాత తలుపు కొత్త గోడకు ఎక్కిన సందర్భాలూ ఉంటాయి. తలుపు వయసు వేరు, ఇంటి వయసు వేరు.

వయసు తెలుసుకోవాలంటే స్క్రూలను చూడండి. తల మీద ప్లస్ గుర్తు ఉంటే అది 1930ల తర్వాతి కాలానిది. తల మీద ఒక్క గాడి ఉండి, ఆ గాడి కూడా సరిగ్గా మధ్యలో లేకుండా ఒక పక్కకు జరిగి ఉంటే చేత్తో కోసిన పాత స్క్రూ కావచ్చు. బయటికి తీసినప్పుడు మొన సూదిగా లేకుండా మొద్దుగా ఉంటే మరీ పాతది. సూదిమొన స్క్రూలు వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దం నడుమ. ఇంత చిన్న వస్తువు ఇంత చరిత్ర చెబుతుంది. అందుకే పాత స్క్రూ పారేసి కొత్త స్టీలు స్క్రూ కొట్టేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. పాతికేళ్ళ వయసులో ఇంటికి మెరుపు తేవాలన్న ఉబలాటంతో, మా తలుపుకున్న రెండు ఇత్తడి కడియాల్లో ఒకదాన్ని ఊడదీశాను. కడియం వెనక బిళ్ళ మీద తామరరేకుల్లాంటి చెక్కుడు ఉండేది. స్నానాల గది కడిగే యాసిడ్ పోసి, ఇటుకపొడి వేసి, అరగంట తోమాను. మొదట బంగారంలా మెరిసింది. ఇంట్లో అందరికీ చూపించి మురిసిపోయాను. వారం తిరిగేసరికి ఆ పసుపులో ఎర్రటి గులాబిరంగు మచ్చలు తేలాయి. వానాకాలం రాగానే రేకుల సందుల్లో లేత ఆకుపచ్చని పొడి. తుడిస్తే మళ్ళీ వచ్చేది. రెండేళ్ళకు రేకుల అంచులు అరిగి చదునయ్యాయి. రెండో కడియం అలాగే నల్లగా, రేకులతో నిలిచి ఉంది. ఇప్పటికీ ఆ తలుపు ముందు నిలబడితే రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఇత్తడి అంటే రాగి, తగరం కలిపిందని చాలామంది అనుకుంటారు. అది కంచు. ఇత్తడిలో రాగికి తోడు ఉండేది జింకు, మన పాత మాటలో యశదం. గాఢమైన ఆమ్లం పోస్తే ముందుగా జింకు కరిగి వెళ్ళిపోతుంది. మిగిలిన రాగి ఎర్రగా, గులాబిరంగులో తేలుతుంది. అది మరక కాదు, ఇత్తడిలో జింకు పోయిన చోటు. ఇక ఆ యాసిడ్‌లోని క్లోరైడు సందుల్లో ఇంకిపోయి, గాలిలో తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని తింటూ ఆకుపచ్చ పొడి కక్కుతుంది. ఉప్పుతో తోమినా ఇదే ప్రమాదం, ఉప్పూ క్లోరైడే కదా. నిమ్మచెక్క మీద ఉప్పు చల్లి రుద్దడం మన ఇళ్ళలో పాత పద్ధతే. రోజూ వాడి, రోజూ కడిగి, ఆరబెట్టే బిందెకు అది చెల్లుతుంది. ఏళ్ళ తరబడి కదలకుండా తలుపుకు ఉండే గొళ్ళేనికి చెల్లదు.

ఆ రోజుల్లోనే మా పక్క వీధిలో ఒక పెద్ద మిస్త్రీ ఉండేవారు. పాత దేవిడీల తలుపులు బాగుచేసిన చెయ్యి. నా నిర్వాకం చూసి కోప్పడలేదు. కడియాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ రేకుల్ని తడిమి, "రగ్డో నక్కో బేటా" అన్నారు. రుద్దకు బిడ్డా అని. తర్వాత నల్లగా ఉన్న రెండో కడియం దగ్గరికి తీసుకెళ్ళి, ఇదెక్కడ మెరుస్తోందో చూడమన్నారు. చూశాను. మనం పట్టుకునే చోట, అడుగున, లోపలి అంచున మాత్రమే బంగారంలా ఉంది. మా తాత చెయ్యి, నాయనమ్మ చెయ్యి, మా అందరి చేతులూ తగిలి తగిలి అక్కడ మాత్రమే తేలిన మెరుపది. మిగతాదంతా గాఢమైన గోధుమ నలుపు. "ఈ పాలిష్ ఏ దుకాణంలోనూ దొరకదు" అన్నారాయన.

అప్పటి నుంచి నేను ఒక తేడా గట్టిగా పట్టుకున్నాను. ఇనుము మీద వచ్చేది జంగు. ఇత్తడి, రాగి మీద వచ్చేది కిలుము. మనం రెండింటినీ ఒకటే మురికిగా చూస్తాం, కానీ వాటి నడత వేరు. జంగు పొరలు పొరలుగా ఊడుతుంది, ఊడినచోట కొత్త ఇనుము గాలికి దొరుకుతుంది, అదీ జంగవుతుంది. పైగా తుప్పుగా మారిన ఇనుము మునుపటి కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది. కిటికీ ఊచ గోడలోకి దిగిన చోట డంగుసున్నం పగిలిందంటే కారణం చాలాసార్లు లోపల ఉబ్బిన ఊచే. ఇత్తడి మీది గోధుమ నలుపు అలా కాదు. అది పలచగా, గట్టిగా, లోహానికి అతుక్కుని ఉంటుంది. కింద ఉన్న ఇత్తడికి గాలి తగలకుండా చాలావరకు కాపలా కాస్తుంది. ఆ కాపలాను మనమే తోమి తీసేస్తే, లోహం తన ఒంట్లోంచి కొంత ఖర్చుపెట్టి మళ్ళీ కొత్త పొర కట్టుకోవాలి. ప్రతి పండక్కీ తోమితే ప్రతి పండక్కీ కొంత లోహం పోతుంది. అందుకని జంగు కనిపిస్తే ఆలస్యం చేయకండి. నలుపు కనిపిస్తే తొందరపడకండి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది నలుపు లాంటిది కాదు, దాన్ని తీయాల్సిందే.

ఇక పని ఎలా మొదలుపెట్టాలి? ముందు పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. రంగులు వేసే మెత్తని బ్రష్షు చాలు. తర్వాత ఒక అయస్కాంతం తెచ్చుకోండి, పాడైన స్పీకరులోది అయినా సరే. రంగు పొరల మీద నుంచే దాన్ని ఆనించి చూడండి. అంటుకుంటే లోపల ఇనుము. అంటుకోకపోతే ఇత్తడో రాగో కంచో. పైన ఇత్తడిలా కనిపించి అయస్కాంతం అంటుకుంటే, ఇనుము మీద పూత అన్నమాట. దాన్ని గట్టిగా తోమితే పూత లేచిపోయి ఇనుము బయటపడుతుంది. మొలాము వేసినవి, నికెల్ పూత ఉన్నవీ అంతే. అలాంటివాటికి తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ, అంతకు మించి వద్దు.

సామాను చక్కగా కదులుతూ పనిచేస్తుంటే ఊడదీయకండి. తలుపు మీదే శుభ్రం చేయండి, చుట్టూ చెక్కకు కాగితం అంటించి. పాలిష్ ముద్ద చెక్కడాల సందుల్లోకి పోయి ఎండితే తెల్లగా ఉండిపోతుంది, తర్వాత రాదు. రంగు వల్ల బిగుసుకుపోయి ఊడదీయక తప్పదనుకుంటే, ముందు స్క్రూ గాడిలోని రంగును సూదితో తీయండి. గాడికి సరిపోయే వెడల్పున్న స్క్రూడ్రైవర్ ఎంచుకోండి. తిరగకపోతే రెండు చుక్కల కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేయండి. సుత్తి జోలికి వెళ్ళకండి. తీసిన స్క్రూలను ఒక అట్టముక్క మీద, తలుపు మీద ఏ వరసలో ఉండేవో అదే వరసలో గుచ్చి పెట్టండి. పాత స్క్రూలు చేత్తో చేసినవి. ఒకదాని రంధ్రంలో ఇంకొకటి పట్టదు. మేకులు తొడిగి అటువైపు మడిచి కొట్టిన గుబ్బలైతే అసలు కదపొద్దు.

రంగు తీసేటప్పుడు ఒక విషయంలో నా మాట తప్పకుండా వినండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంటే అంతకు ముందు వేసిన ఏ పొరనూ నమ్మడానికి లేదు. మంట పెట్టి కాల్చకండి, గరుకు కాగితంతో పొడిగా గీకకండి. ఆ పొగా ఆ దుమ్మూ పిల్లల మెదడుకు చేటు. గర్భిణులూ పిల్లలూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఊడదీసిన ఇత్తడి సామానును ఒక పాత స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, లీటరుకు రెండు మూడు చెంచాల వంటసోడా వేసి, సన్నని సెగ మీద గంటసేపు ఉంచండి. అల్యూమినియం గిన్నె వద్దు. ఆ స్టీలు గిన్నెను మళ్ళీ వంటకు వాడొద్దు. వీలైతే పని వాకిట్లో పెట్టుకోండి, వంటింట్లో కాదు. రంగు ముడతలు పడి లేస్తుంది. వెదురుపుల్లతో, పాత పళ్ళబ్రష్షుతో తడిగా ఉండగానే తీసేయండి. ఇనుప గరిటెతో గీకితే గీత శాశ్వతం. లేచిన రంగు పొట్టును కాగితంలో చుట్టి పారేయండి, తొట్టిలోకి కడిగేయొద్దు.

మా కుండీ అలాగే విడిపోయింది. మొత్తం రంగు పోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. చివరి పొర లేచాక కింద ఇత్తడి కనిపిస్తుందనుకున్నాను. కాదు, చేత్తో వంచి అతికిన ఇనుప వలయాలు. ఒక్క పిడి మాత్రం ఇత్తడి. అయస్కాంతం పెట్టి చూడాలన్న ఆలోచన అప్పటికి నాకు లేదు.

రంగు పోయాక ఇత్తడికి ముందుగా కుంకుడుకాయ రసం. నాయనమ్మలు వెండి పట్టీలకు వాడిందే. గోరువెచ్చని రసంలో ముంచి మెత్తని బ్రష్షుతో కడిగితే జిడ్డూ మసీ పోతాయి. చాలా సామానుకు ఇక్కడితో పని అయిపోతుంది. ఇంకా పచ్చని కిలుము మొండికేస్తే అప్పుడు చింతపండు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి కిలుమును కరిగిస్తుంది. పలచని పులుసు చేసి, కిలుము ఉన్నచోటే గుడ్డతో అద్ది, రెండు మూడు నిమిషాల్లో మంచినీళ్ళతో కడిగేయండి. రాత్రంతా నానబెట్టకండి. ఉప్పు కలపకండి. ఇటుకపొడి, ఇసుక, స్టీలు పీచు వద్దే వద్దు. వాటితో తోమితే తయారీదారు పేరు, చెక్కిన గుర్తు, ఉర్దూ అంకెల్లో ఉన్న తేదీ, ఏముంటే అవి అన్నీ అరిగిపోతాయి. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఎండలో గంటసేపు పెట్టండి. సందుల్లో తేమ ఉండకూడదు.

డబ్బాల్లో దొరికే పాలిష్ ద్రవాల గురించి అడిగేవాళ్ళుంటారు. ఘాటైన అమ్మోనియా వాసన వచ్చేవాటి దగ్గర జాగ్రత్త. దీని వెనక మన దేశంలో జరిగిన కథే ఉంది. బ్రిటిష్ సైన్యం తమ ఇత్తడి తూటా గొట్టాలను ఇక్కడ నిల్వ ఉంచితే, వానాకాలంలో వాటికవే పగిలిపోయేవి. కొట్టకుండా, పడేయకుండా పగుళ్ళు. వానాకాలంలో పగులుతున్నాయి కాబట్టి ఇంగ్లీషులో దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. కారణం 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు తేల్చారు. ఆ తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా గాలిలో చేరేది. వంచి, సాగదీసి చేసిన ఇత్తడిలో లోపల బిగువు ఉంటుంది. ఆ బిగువుకు తేమ, అమ్మోనియా తోడైతే లోహం చీలుతుంది. మన తలుపు మీద రేకును కొట్టి ఉబ్బెత్తుగా తీసిన గుబ్బలూ అలాంటి బిగువున్నవే. కాబట్టి తప్పక వాడాల్సి వస్తే ఒక్కసారి వాడి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, అవశేషం లేకుండా చూడండి.

బిద్రీ సామాను ఇంట్లో ఉంటే దాని దగ్గరకి చింతపండు, నిమ్మకాయ, పాలిష్ ఏవీ వెళ్ళకూడదు. బీదరు కళ అయినా హైదరాబాదీ ఇళ్ళలో పాన్‌దాన్, హుక్కా బుడ్డి, పూలకుండీ రూపంలో అది మన సొంత వస్తువైపోయింది. అందులో ఎక్కువ భాగం జింకు, కొంచెం రాగి. పైన నలుపు మురికి కాదు. బీదరు కోట మట్టి, నవాసారం కలిపిన నీళ్ళతో కావాలని తెచ్చిన నలుపు. ఆ నలుపు మీదే వెండి తీగ వెలుగుతుంది. తోమితే నలుపు పోతుంది. మెత్తని పొడిగుడ్డ ఒక్కటే దానికి మందు.

ఇనుముకు వద్దాం. వదులుగా లేచిన జంగును ఇత్తడి తీగల బ్రష్షుతో, కిరోసిన్ తడిపి, మెల్లగా తీయండి. మెరిసేదాకా గీకక్కర్లేదు. ఆ తర్వాత చేసే పని మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. కరక్కాయ. పెడన, మచిలీపట్నం కలంకారీలో నలుపు ఎలా పుడుతుందో తెలుసు కదా. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో ఊరవేస్తారు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ నీళ్ళు తగలగానే నల్లబడుతుంది. పాత బడుల్లో అన్నభేది, కరక్కాయ కలిపి సిరా చేసుకున్నదీ ఇదే సూత్రం. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి, కరగని నల్లని పదార్థంగా మారుతుంది. ప్రపంచమంతటా మ్యూజియం నిపుణులు తుప్పు ఇనుముకు టానిక్ ఆమ్లం పూసేది ఇందుకే. గుప్పెడు కరక్కాయ పెచ్చులు దంచి, నీళ్ళలో మరిగించి వడకట్టి, జంగు తీసిన ఇనుము మీద బ్రష్షుతో పూయండి. ఒక పూటలో నల్లబడుతుంది. ఆరాక మళ్ళీ పూయండి. మా కుండీ వలయాలకు మూడు పూతలు వేశాను. బొగ్గు రంగులో, నిండుగా కుదిరింది. చెక్కకు తగలనీయకండి, టేకుకూ మరక పడుతుంది.

చివరి పని మైనం. తేనెమైనాన్ని చాకుతో సన్నగా తురిమి, గాజుసీసాలో కొద్దిగా టర్పెంటైన్ పోసి మూతపెట్టి రాత్రంతా వదిలితే మెత్తని ముద్దవుతుంది. పొయ్యి మీద పెట్టకండి, టర్పెంటైన్ భగ్గున అంటుకుంటుంది. ఆ ముద్దను గుడ్డతో పలచగా రుద్ది, పావుగంట ఆగి, పొడిగుడ్డతో మెరుగుపెట్టండి. ఇత్తడికైనా ఇనుముకైనా ఇదే. మృగశిర కార్తె రాకముందు ఏడాదికి ఒకసారి చేస్తే చాలు. కొబ్బరినూనె, నువ్వులనూనె పూసే అలవాటు మానుకోండి. అవి కొన్నాళ్ళకు జిగురుకట్టి దుమ్మును పట్టుకుంటాయి. మడతబందు కిర్రుమంటే కుట్టుమిషను నూనె ఒక చుక్క. పాత తాళంలో ఏ నూనే పోయొద్దు. పెన్సిలు ములుకును మెత్తగా పొడి చేసి, తాళంచెవికి అద్ది రెండు మూడుసార్లు తిప్పండి.

ఇంత చెప్పడం ఎందుకంటే, పెద్ద భవనాలకు పెద్ద దిక్కులున్నాయి. చౌమహల్లా ప్యాలెస్‌ను నిపుణులు ఏళ్ళ తరబడి బాగుచేశారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. కానీ మామూలు ఇళ్ళకు ఆ భాగ్యం లేదు. చార్మినార్ దాపున 1845లో కట్టిన మాల్వాలా మహల్ లాంటిదే 2000లో నేలకూలింది. ప్రైవేటు వారసత్వ కట్టడాలకు కొంత రక్షణగా ఉన్న జోనింగ్ నియమాల్లోని 13వ నిబంధన 2015 డిసెంబరులో రద్దయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది గానీ, మీ ఇంటి తలుపు గొళ్ళేన్ని ఏ చట్టమూ వచ్చి కాపాడదు. ఇల్లు కూలిన రోజున తలుపులు ముర్గీచౌక్‌కో, జుమేరాత్ బజారుకో వెళ్తాయి. అక్కడికైనా వెళ్తే ఎవరో ఒకరు ప్రేమతో కొంటారు. అంతకంటే ఎక్కువ సామాను పాత ఇనుము కింద, పాత ఇత్తడి కింద కిలోల లెక్కన కొలిమిలోకి పోతోంది. కొలిమిలో కరిగిన తామరరేకు మళ్ళీ రాదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాను కదా. ఆ అరిగిన కడియాన్ని తీసేసి కొత్తది పెట్టించమని ఇంట్లో ఒత్తిడి వచ్చింది. పెట్టించలేదు. రెండూ అలాగే ఉన్నాయి. ఇంటికి వచ్చిన పిల్లలకు రెండింటి మీదా వేలు పెట్టించి, తేడా చూపిస్తాను.

పాతబస్తీలోనే కాదు, వరంగల్‌లో, బందరులో, రాజమహేంద్రవరంలో, ఎక్కడ పాత ఇల్లు ఉన్నా, ఈ మాట వింటున్న మీకు నా మనవి ఒక్కటే. ఈ ఏడు పండగకు తలుపుకు రంగు వేయించేటప్పుడు, రంగులాయన రాకముందే గొళ్ళేలకు, మడతబందులకు, కుండీకి మైనం రాసి, పాత కాగితం చుట్టి దారం కట్టండి. ఒకవేళ ఇల్లు పడగొట్టక తప్పని పరిస్థితే వస్తే, ముందురోజు మీరే వెళ్ళి సామానును స్క్రూలతో సహా విప్పి, ఏ తలుపుది ఏదో చీటీ రాసి, గుడ్డలో మూటకట్టి దాచండి. కొత్త ఇంట్లో ఒక్క తలుపుకైనా దాన్ని బిగించండి.

మా కుండీ ఇప్పుడు మోగుతోంది.